తప్పుడు అలారాలు: యంత్రం మోగితే మనిషి ఏం చేస్తాడు

ఫ్యాక్టరీ కంట్రోల్ రూమ్‌లో హూటర్, రైలింజన్ క్యాబ్‌లో బజర్, ఐసీయూలో మానిటర్ బీప్, తీరప్రాంతంలో సునామీ సైరన్, ఫోనుకు వచ్చే పిడుగుల మెసేజ్. ఇవన్నీ ఒక యంత్రమో వ్యవస్థో మనిషికి ‘ప్రమాదం, ఏదో ఒకటి చెయ్యి’ అని చెప్పే పద్ధతులు. ఇందులో ఏదీ నూటికి నూరుపాళ్లు నిజం చెప్పదు. కొన్నిసార్లు ఏమీ లేకుండానే మోగుతుంది, కొన్నిసార్లు మోగాల్సినప్పుడు మోగదు. ఇలా నమ్మకం లేని హెచ్చరికల మధ్య పనిచేసే మనుషులు ఎలా ప్రవర్తిస్తారన్న దాని మీద గత నలభై ఏళ్లలో చాలా పరిశోధన జరిగింది. ‘అలసత్వం’, ‘నిర్లక్ష్యం’ అని విచారణ నివేదికలు తేలిగ్గా రాసేసే మాటల వెనక నిజానికి ఒక లెక్క ఉంటుందని ఆ పరిశోధన తేల్చింది. ఒక్కో అలారం ఇంతకుముందు ఎంత నిజం చెప్పిందో మనిషి మనసులో చిట్టా రాసుకుంటాడు, దాన్ని బట్టే కదులుతాడు.

హైదరాబాద్ తూర్పు వైపున్న కాప్రా, నాచారం, ఉప్పల్ ప్రాంతాలకు ఈ విషయంతో దగ్గరి చుట్టరికం ఉంది. కుషాయిగూడ దగ్గరి ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ 1967 ఏప్రిల్ 11న మొదలైంది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు దాని తొలి సారథి. కాప్రాలోని డాక్టర్ ఏ.ఎస్.రావు నగర్‌కు ఆ పేరు ఆయన వల్లే వచ్చింది. దేశంలోని అణు విద్యుత్ కేంద్రాలకు కంట్రోల్ పరికరాలు ఈ సంస్థ నుంచి వెళ్తాయి. నాచారం పారిశ్రామికవాడలోని మేధా సర్వో డ్రైవ్స్ రైలింజన్ల ఎలక్ట్రానిక్స్ తయారు చేస్తుంది. రైళ్లు ఢీకొనకుండా ఆపే ‘కవచ్’ను మొదట సరఫరా చేసిన మూడు కంపెనీల్లో అదొకటి. మిగతా రెండు, హెచ్‌బీఎల్, కెర్నెక్స్ కూడా హైదరాబాద్‌వే. ఉప్పల్ రోడ్డులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ భూకంపాల నాడి పడుతుంది. దేశంలో ప్రమాదాన్ని పసిగట్టే యంత్రాల్లో చెప్పుకోదగ్గ వాటా ఈ కొద్ది కిలోమీటర్ల మేర నుంచే బయల్దేరుతుందనడం అతిశయోక్తి కాదు.

పొరపాటు రెండు వైపులా

అలారం రెండు రకాలుగా తప్పుతుంది. ప్రమాదం లేకపోయినా మోగడం ఒకటి, ప్రమాదం ఉన్నా మోగకపోవడం రెండోది. మూడోది కూడా ఉంది, కంట్రోల్ రూముల్లో పనిచేసేవాళ్లకు అదే ఎక్కువ పరిచయం. సెన్సర్ చెప్పింది నిజమే, పంపు ఆగింది. అయితే ఆ పంపును మరమ్మతు కోసం ఆపింది వాళ్లే. అలారం నిజం, అవసరం మాత్రం సున్నా.

మొదటి రెండింటినీ ఒకేసారి తగ్గించడం కష్టం. గ్యాస్ కొంచెం వాసన రాగానే మోగేలా సెట్‌పాయింట్ (అలారం మోగే హద్దు) పెడితే ఉత్తుత్తి మోతలు పెరుగుతాయి. బాగా పోగయ్యాకే మోగేలా పెడితే అసలు ప్రమాదమే జారిపోవచ్చు. రాడార్ తెర మీద కనిపించిన చుక్క శత్రు విమానమా, మబ్బు తునకా అన్న రెండో ప్రపంచ యుద్ధం నాటి చిక్కు నుంచి 1950లలో పుట్టిన ‘సిగ్నల్ డిటెక్షన్’ సిద్ధాంతం ఈ బేరాన్ని గణితంలోకి తెచ్చింది. గీత ఎక్కడ గీయాలన్నది సాంకేతిక నిర్ణయంలా కనిపిస్తుంది. నిజానికది ఏ తప్పును ఎవరు భరించాలన్న నిర్ణయం. ప్రమాదం జారిపోతే తయారీదారు కోర్టుకెక్కాలి, ఉత్తినే మోగితే షిఫ్టులో ఉన్న ఆపరేటర్ చెవులు చిల్లులు పడతాయి. గీత ఎటువైపు జరుగుతుందో ఊహించడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

దీనికి తోడు అరుదైన సంఘటనల లెక్క ఒకటుంది. ఒక యంత్రం 10,000 సార్లు పరిస్థితిని చూస్తుందనుకుందాం. అందులో 10 సార్లే నిజంగా ప్రమాదం. యంత్రం చాలా మంచిది, ప్రమాదాన్ని నూటికి 99 సార్లు పట్టుకుంటుంది, మామూలు పరిస్థితిని ప్రమాదంగా పొరబడేది నూటికి ఒక్కసారే. అయినా ఏమవుతుంది? దాదాపు పదికి పదీ దొరుకుతాయి. మిగిలిన 9,990లో ఒక శాతం అంటే దాదాపు 100 ఉత్తుత్తి మోతలు. మొత్తం 110 అలారాల్లో నిజమైనవి పది. 99 శాతం కచ్చితత్వం అని పెట్టె మీద రాసుకున్న యంత్రం, దాని పక్కన కూర్చున్న మనిషి దృష్టిలో పదికి తొమ్మిదిసార్లు అబద్ధాలకోరు. భారత్‌లో పుట్టి అమెరికాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త రాజా పరశురామన్, ఆయన సహచరులు 1997లో కార్లు ఢీకొనకుండా హెచ్చరించే పరికరాల గురించి ఈ మాటే చెప్పారు. ప్రమాదం ఎంత అరుదైతే, దాన్ని పసిగట్టే అలారం అంత అబద్ధంగా కనిపిస్తుంది.

పక్క పట్టా మీద రైలు

ఈ చిక్కు మొత్తం ఒకచోట కనిపించే ఉదాహరణ భారతీయ రైల్వేలదే. 1999 ఆగస్టు 2న పశ్చిమ బెంగాల్‌లోని గైసల్ స్టేషన్‌లో రెండు రైళ్లు ఎదురెదురుగా ఢీకొని 280 మందికి పైగా చనిపోయారు. అప్పట్లో కొంకణ్ రైల్వే సారథిగా ఉన్న తెలుగు ఇంజనీరు బొజ్జి రాజారాం, ఢీకొనడాన్ని ఆపే పరికరం ఏసీడీని రూపొందించారు. ‘రక్షా కవచ్’ అన్న పేరు అప్పటిదే. దాన్ని తయారు చేసింది హైదరాబాద్‌లోని కెర్నెక్స్ మైక్రోసిస్టమ్స్. ఆలోచన సూటిగా ఉంటుంది. ఇంజన్లో ఒక పెట్టె, గార్డు బోగీలో ఒకటి, స్టేషన్లో ఒకటి. జీపీఎస్‌తో తాము ఎక్కడున్నదీ లెక్కగట్టుకుని రేడియోలో ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఒకే పట్టా మీద రెండు రైళ్లు దగ్గరవుతున్నాయని తోచగానే బ్రేకులు వేస్తాయి.

ఈశాన్య సరిహద్దు రైల్వేలో 1,736 కిలోమీటర్ల మేర దీన్ని ప్రయోగాత్మకంగా అమర్చారు. చిక్కల్లా ‘ఒకే పట్టా’ అన్న మాట దగ్గరే వచ్చింది. పక్కపక్కనున్న రెండు లైన్ల మధ్య దూరం 5 మీటర్ల చుట్టుపక్కల. అప్పటి జీపీఎస్ గురి అంత సూక్ష్మం కాదు. పక్క లైన్లో హాయిగా పోతున్న రైలును ఎదురొస్తున్న రైలుగా పరికరం పొరబడొచ్చు. అనవసరంగా బ్రేకులు పడుతున్నాయన్న ఫిర్యాదు వచ్చింది. దక్షిణ రైల్వేలో అనేక లైన్లున్న విద్యుదీకరణ మార్గంలో పరీక్షించినప్పుడు ఇబ్బందులు ఇంకా పెరిగాయి. ఒక గూడ్సు బండికి ఉత్తపుణ్యానికి బ్రేకు పడితే వెనక వరుసగా అన్నీ ఆగుతాయి. కంట్రోలర్ నుంచి ఫోన్లు వస్తాయి. సంజాయిషీ రాయాల్సింది లోకో పైలట్. ప్రాణాలు కాపాడే పరికరం రోజువారీ పనికి అడ్డంకిగా మారాక దాని మంచితనం గురించి ఎన్ని ఉపన్యాసాలిచ్చినా లాభం ఉండదు. రైల్వే చివరికి ఏసీడీని విస్తరించకుండా వదిలేసింది.

తర్వాత వచ్చిందే ఇప్పటి కవచ్. మొదట టీకాస్ అన్న పేరుతో, లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌వో ఆధ్వర్యంలో, దక్షిణ మధ్య రైల్వేలోని లింగంపల్లి, వికారాబాద్, వాడి మార్గంలో దాన్ని పరీక్షిస్తూ వచ్చారు. ప్రయాణికుల రైళ్లలో 2016 ఫిబ్రవరిలో పరీక్షలు మొదలయ్యాయి. 2020 జులైలో దీన్ని జాతీయ రైలు రక్షణ వ్యవస్థగా ఎంపిక చేశారు. పాత లోపానికి ఇందులో దొరికిన విరుగుడు చాలా మామూలుది. ఆకాశం వైపు చూడడం తగ్గించి, నేల మీద గుర్తులు పెట్టారు. పట్టాల మధ్య స్లీపర్లకు ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులు బిగించారు. వాటి మీదుగా ఇంజన్ పోగానే తాను ఏ లైన్లో ఉన్నదీ దానికి తెలుస్తుంది. 2022 మార్చి 4న సికింద్రాబాద్ డివిజన్‌లోని గుల్లగూడ, చిట్గిద్ద స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఇంజన్లో ఉండగా ఎదురెదురు రైళ్ల పరీక్ష చేశారు. ఎదుటి ఇంజన్‌కు 380 మీటర్ల దూరంలో కవచ్ బ్రేకులేసి ఆపింది. వార్తల్లో ఆ 380 మీటర్ల గురించే రాశారు. పక్క లైన్లో పోయే రైలును చూసి బ్రేకు వెయ్యకపోవడం కూడా అంతే ముఖ్యమైన పరీక్ష, దానికి మాత్రం ఫొటోలుండవు.

పాడైన ఎరుపు

రైల్వే సిగ్నలింగ్‌లో ఒక పాత సూత్రం ఉంది. పరికరం చెడిపోతే రైలు ఆగాలి తప్ప పోకూడదు. అందుకే ఆటోమేటిక్ సిగ్నల్ మార్గంలో ఏ లోపం వచ్చినా ఎరుపే వెలుగుతుంది. మంచి సూత్రమే. కానీ దాని అర్థం, తప్పుడు అలారాలను కావాలనే వ్యవస్థలోకి తెచ్చి పెట్టుకోవడం. ఎరుపు కనిపించిన ప్రతిసారీ ముందు రైలుందో, సిగ్నలే పాడైందో లోకో పైలట్‌కు తెలియదు. ఇందుకు నిబంధనల పుస్తకంలో ఒక మధ్యేమార్గం రాశారు. చీకట్లో రెండు నిమిషాలు ఆగాలి, తర్వాత గంటకు 10 కిలోమీటర్ల వేగంతో చూసుకుంటూ పోవాలి.

2023 అక్టోబర్ 29 సాయంత్రం విజయనగరం జిల్లా కంటకాపల్లి, అలమండ మధ్య విశాఖపట్నం నుంచి పలాస వెళ్తున్న ప్యాసింజర్‌ను వెనక నుంచి రాయగడ ప్యాసింజర్ ఢీకొంది. 14 మంది చనిపోయారు. పాడైన రెండు ఆటోమేటిక్ సిగ్నళ్ల దగ్గర పాటించాల్సిన నిబంధనను రాయగడ బండి సిబ్బంది పాటించలేదని ప్రాథమిక విచారణ చెప్పింది. ఆ సిబ్బంది కూడా ప్రమాదంలోనే పోయారు, వాళ్ల వైపు మాట చెప్పేవాళ్లు లేరు. ఆ మార్గంలో కవచ్ లేదు. ఈ ప్రమాదం గురించి ఎవరు ఏం తేల్చినా ఒక సంగతి మాత్రం మిగులుతుంది. సిగ్నల్ పాడైందని తెలిసిన క్షణం నుంచి ఎరుపు విలువ తగ్గిపోతుంది. అదే సమయంలో ముందు నిజంగా రైలుండే అవకాశం ఏమాత్రం తగ్గదు. మనిషి మనసులోని చిట్టాకూ పట్టా మీది వాస్తవానికీ మధ్య దూరం అక్కడే మొదలవుతుంది.

బ్రిటన్‌లో ఇదే కథ మరో రూపంలో నడిచింది. అక్కడి ఇంజన్ క్యాబ్‌లో ఏడబ్ల్యూఎస్ అనే హెచ్చరిక వ్యవస్థ ఉంది. సిగ్నల్ పచ్చగా ఉంటే గంట, పసుపైనా ఎరుపైనా ఒకే హారన్. డ్రైవర్ బటన్ నొక్కితే హారన్ ఆగుతుంది, నొక్కకపోతే బ్రేకు పడుతుంది. రద్దీ మార్గాల్లో పసుపు సిగ్నళ్లు కోకొల్లలు. రోజంతా వందసార్లు నొక్కే వేలు నూటొకటోసారి ఎరుపు కోసం ఆగి ఆలోచించదు. 1999 అక్టోబర్ 5న లండన్ దగ్గర ల్యాడ్‌బ్రోక్ గ్రోవ్‌లో 31 మంది మరణించిన ప్రమాదంలో, ఎరుపు సిగ్నల్ దాటిన రైలు క్యాబ్‌లో హెచ్చరిక మోగింది, దాన్ని ఆపే బటన్ కూడా నొక్కారు.

ప్రయోగశాలలో తేలింది

మన ‘నాన్నా పులి’ కథనే పేరుగా పెట్టుకుని ఇజ్రాయెల్ మనస్తత్వవేత్త ష్లోమో బ్రెజ్నిట్జ్ 1984లో తప్పుడు హెచ్చరికల మీద పుస్తకం రాశారు. ఒకసారి రద్దయిన హెచ్చరిక, తర్వాత వచ్చే హెచ్చరిక మీద భయాన్ని తగ్గిస్తుందని ఆయన ప్రయోగాలు చూపించాయి. కానీ కథలో ఊరివాళ్లు చివరికి ఒక్కరూ రారు. నిజ జీవితంలో అలా ఉండదు. అమెరికా పరిశోధకుడు జేమ్స్ బ్లిస్, ఆయన సహచరులు 1995లో ప్రచురించిన ప్రయోగంలో, ఒక పనిలో మునిగి ఉన్నవాళ్లకు మధ్యమధ్య అలారాలు వినిపించారు. కొందరికి వాటిలో నాలుగో వంతు నిజం, కొందరికి సగం, కొందరికి మూడొంతులు. అత్యధికులు దాదాపు అదే నిష్పత్తిలో స్పందించారు. పావువంతు నిజమైతే పావువంతుసార్లు కదిలారు. ప్రతిదానికీ లేచేవాళ్లు, అసలు దేనికీ కదలనివాళ్లు కొద్దిమందే. ఇది బద్ధకం కాదు, ఒక రకం అంచనా. కాకపోతే తెలివైన అంచనా కూడా కాదు. పోయేది ప్రాణమైతే పావువంతు నిజానికైనా ప్రతిసారీ లేవాలి, పోయేది పావలా అయితే ఎప్పుడూ లేవక్కర్లేదు.

తర్వాత పరిశోధకుడు జోఆకిమ్ మేయర్ ఇందులో రెండు వేర్వేరు నమ్మకాలున్నాయని విడదీసి చూపించారు. అలారం మోగినప్పుడు కదలడం ఒక నమ్మకం. మోగనప్పుడు నిశ్చింతగా వేరే పని చూసుకోవడం రెండోది. ఉత్తుత్తి మోతలు మొదటిదాన్ని చెడగొడతాయి, జారిపోయిన ప్రమాదాలు రెండోదాన్ని. క్రిస్టఫర్ వికెన్స్ బృందం 2007లో దీనికి ఇంకో మెలిక చేర్చింది. ఉత్తుత్తి మోతలు రెండు నమ్మకాలనూ దెబ్బతీస్తాయి. చీటికీ మాటికీ అరిచే యంత్రం మౌనంగా ఉన్నా నమ్మకం కుదరదన్నమాట. అదే ఏడాది వికెన్స్, డిక్సన్ ఇరవై అధ్యయనాలను కలిపి చూసి ఒక గీత కూడా చెప్పారు. యంత్రం విశ్వసనీయత 70 శాతం కంటే తగ్గితే, అది ఉండడం కన్నా లేకపోవడమే నయం.

అయితే ఈ సిద్ధాంతానికి ఎదురు సాక్ష్యం లేకపోలేదు, ప్రచారంలో దాన్ని తక్కువగా చెబుతారు. 2009లో వికెన్స్ బృందమే అమెరికాలోని అయిదు విమాన నియంత్రణ కేంద్రాల నుంచి 495 హెచ్చరికలను పరిశీలించింది. రెండు విమానాలు దగ్గరవుతున్నాయని కంట్రోలర్లకు వచ్చిన హెచ్చరికలవి. దాదాపు సగం తప్పుడువి. అయినా తప్పుడు మోతలు ఎక్కువున్న కేంద్రాల్లో కంట్రోలర్లు ఆలస్యం చేసిన దాఖలా కనిపించలేదు. చాలాసార్లు యంత్రం మోగే ముందే వాళ్లు విషయం పసిగట్టారు. కళ్ల ముందు రాడార్ తెర ఉంది, పరిస్థితిని తామే చూడగలరు. అలారం వాళ్లకు రెండో అభిప్రాయం మాత్రమే. మనిషికి సొంతంగా చూసుకునే దారి ఉంటే తప్పుడు అలారం చేసే నష్టం తగ్గుతుంది. దారి లేనిచోట, అంటే పైపుల లోపల, ట్యాంకు అడుగున, మనిషి పూర్తిగా తన చిట్టా మీదే బతకాలి.

వైరు పీకేయడం, వరదలా మోగడం

పట్టించుకోకపోవడం మెత్తటి స్పందన. గట్టి స్పందన ఇంకోటుంది, అలారాన్నే ఆపేయడం. 1997 ఆగస్టు 6న గువామ్ ద్వీపంలో కొరియన్ ఎయిర్ 801 విమానం కొండను ఢీకొని 228 మంది చనిపోయారు. విమానం మరీ కిందికి దిగితే నేల మీదున్న కంట్రోలర్‌ను హెచ్చరించే ఏర్పాటు అక్కడ ఉంది. విసిగించే మోతలు ఎక్కువగా ఉన్నాయని దాన్ని విమానాశ్రయం చుట్టూ చాలా మేర పనిచేయకుండా చేశారు. 2010 ఏప్రిల్ 20న గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ పేలి 11 మంది మరణించారు. తెల్లవారుజామున మూడు గంటలకు ఉత్తుత్తి అలారంతో జనం నిద్ర లేవకూడదని జనరల్ అలారం తనంతట తాను మోగకుండా పెట్టారని ఆ రిగ్‌లోని ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్ విచారణలో చెప్పాడు. ఎవరూ ప్రమాదం కోరుకుని బైపాస్ పెట్టరు. రాబర్ట్ సోర్కిన్ 1988లోనే, మనుషులు మన అలారాలను ఎందుకు ఆపేస్తున్నారని ఇంజనీర్లను అడుగుతూ వ్యాసం రాశారు.

నిజమైన ప్రమాదంలోనూ అలారాలు పని చెడగొట్టగలవు. 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలండ్ అణు కేంద్రంలో మొదటి కొన్ని నిమిషాల్లోనే నూరుకు పైగా అలారాలు మోగాయి. అసలు దోషి ఒక వాల్వు, తెరుచుకుని ఇరుక్కుపోయింది. ప్యానెల్ మీది దీపం మాత్రం వాల్వు మూసుకుందనే చూపింది. ఆ దీపం వాల్వు స్థితిని చెప్పదు, మూసుకోమన్న ఆజ్ఞ వెళ్లిందని మాత్రమే చెబుతుంది. 1994 జులై 24న వేల్స్‌లోని మిల్ఫర్డ్ హేవెన్ రిఫైనరీ పేలడానికి ముందు చివరి 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల ముందు 275 అలారాలు మోగాయి. అక్కడి వ్యవస్థలో 2,040 అలారాలుంటే 87 శాతానికి ‘అత్యవసరం’ ముద్ర ఉంది. అన్నీ అత్యవసరమైతే ఏదీ కాదు. ఆ తర్వాత 1999లో బ్రిటన్ పరిశ్రమల సంస్థ ఈఈఎంయూఏ, మామూలు రోజుల్లో పది నిమిషాలకు ఒకటి మించకుండా అలారాలుండాలని మార్గదర్శకం ఇచ్చింది. 2009లో అమెరికాలో ఐఎస్ఏ 18.2 ప్రమాణం వచ్చింది. వాటి సారం ఒక ప్రశ్న: ఈ అలారం మోగితే ఆపరేటర్ ఏం చెయ్యాలి? జవాబు రాయలేకపోతే దాన్ని తీసెయ్యాలి.

అణు రియాక్టర్ల రక్షణలో ఇంకో దారి ఉంది. ముఖ్యమైన కొలతకు మూడు విడివిడి సెన్సర్లు పెడతారు. మూడింట రెండు ఒప్పుకుంటేనే రియాక్టర్ ఆగుతుంది. ఒక సెన్సర్ పిచ్చిగా ప్రవర్తించినా ఉత్తినే ట్రిప్ అవదు, ఒకటి చచ్చినా ప్రమాదం జారిపోదు. భారత భారజల రియాక్టర్లు ఈ పద్ధతిలోనే నడుస్తాయి. దీనికయ్యే ఖర్చు మూడింతలు, అందుకే మందుల కంపెనీ రియాక్టర్ పక్కనో, అపార్ట్‌మెంటు లిఫ్టు గదిలోనో ఇది కనిపించదు.

ఆస్పత్రుల్లో సంఖ్యలు నమ్మశక్యం కానంత పెద్దవి. శాన్‌ఫ్రాన్సిస్కోలోని యూసీఎస్‌ఎఫ్ ఆస్పత్రిలో 31 రోజుల పాటు 77 ఐసీయూ పడకల మానిటర్లను బార్బరా డ్రూ బృందం లెక్కించి 2014లో ప్రచురించింది. మొత్తం అలారాలు 25 లక్షలకు పైనే. ఒక్కో పడక దగ్గర రోజుకు చెవికి వినిపించేవి 187. గుండె లయ తప్పిందన్న హెచ్చరికల్లో 12,671 తీసి పరిశీలిస్తే 88.8 శాతం తప్పుడువి. బోస్టన్ మెడికల్ సెంటర్‌లోని ఒక వార్డులో పనికిరాని మోతలు తీసేసి, రోగిని బట్టి హద్దులు మార్చుకునే అధికారం నర్సులకిచ్చారు. వినిపించే అలారాలు 89 శాతం తగ్గాయి.

మోగని సైరన్

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్.వెంకటాపురం దగ్గర ఎల్‌జీ పాలిమర్స్ ప్లాంటులో ఎం6 ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి బయటికి వచ్చింది. 12 మంది చనిపోయారు, వందల మంది ఆస్పత్రి పాలయ్యారు. నీరబ్ కుమార్ ప్రసాద్ నేతృత్వంలోని ఉన్నత స్థాయి కమిటీ జులై 6న ప్రభుత్వానికి నివేదిక ఇచ్చింది. ట్యాంకు పై పొరల వేడిని కొలిచే ఏర్పాటు లేదని, అడుగున ఉన్న కొలత మీదే ఆధారపడ్డారని అందులో ఉంది. ఇంకో సంగతి కూడా ఉంది. సైరన్ మోగించే బటన్లు గేటుతో సహా 36 చోట్ల ఉన్నాయి. ఊరిని లేపడానికి ఒక్కటీ నొక్కలేదు.

తప్పుడు అలారాల చర్చలో ఈ ఘటనకు చోటు ఎందుకంటే, ఇక్కడ అలారం మోగించాల్సింది యంత్రం కాదు, మనిషి. ఆ రాత్రి ఎవరి మనసులో ఏముందో నివేదికల నుంచి చెప్పడం కుదరదు. కానీ ఏ ఫ్యాక్టరీలోనైనా ఊరంతా వినిపించే సైరన్ బటన్ ముందు నిలబడ్డ షిఫ్ట్ ఇన్‌ఛార్జి పరిస్థితి ఒకటే. నొక్కాక అది ఉత్తుత్తిదని తేలితే పైవాళ్ల నుంచి ప్రశ్నలొస్తాయి. నొక్కకుండా చిన్న లీకు దానంతటదే సర్దుకుంటే ఎవరికీ తెలియదు. సెట్‌పాయింట్ యంత్రానికే కాదు, ఉద్యోగికీ ఉంటుంది. అతనిది ఎక్కడ ఉండాలో నిర్ణయించేది కిందటిసారి నొక్కినవాడికి జరిగిన మర్యాద.

తీరానికి వచ్చే కబురు

2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత నాలుగో రోజు, డిసెంబర్ 30న, మరో సునామీ రావచ్చని కేంద్ర హోం శాఖ హెచ్చరిక పంపింది. అమెరికాలోని ఒక ప్రైవేటు సంస్థ చెప్పిన జోస్యం దానికి ఆధారం. తమిళనాడు, కేరళ, ఆంధ్ర తీరాల్లో జనం పిల్లాపాపలతో పరుగులు తీశారు, సహాయ పనులు ఆగిపోయాయి. ఏమీ రాలేదు. సైన్స్ మంత్రి కపిల్ సిబల్ ఆ జోస్యాన్ని బహిరంగంగానే కొట్టిపారేశారు.

ఆ అనుభవం తర్వాత హైదరాబాద్‌లోనే, కాప్రాకు నగరం రెండో కొసన ఉన్న ప్రగతినగర్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం 2007 అక్టోబర్ 15న మొదలైంది. తప్పుడు హెచ్చరికలను తగ్గించడం దాని రూపకల్పనలోనే ఉంది. భూకంప కేంద్రం నుంచి గంటలోపు అల చేరే తీరానికి, భూకంపం కొలతలు, ముందే వేసి పెట్టిన లెక్కల ఆధారంగా వెంటనే హెచ్చరిక వెళ్తుంది. అక్కడ ఆలోచించే తీరిక లేదు. అంతకన్నా దూరమున్న తీరానికి మొదట తక్కువ స్థాయి సమాచారమే వెళ్తుంది. సముద్రం అడుగున పెట్టిన పీడన యంత్రాలు, రేవుల్లోని అలల కొలతలు నిజమని చెప్పాకే స్థాయి పెంచుతారు. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర 8.6 తీవ్రతతో భూమి కంపించినప్పుడు విశాఖలో, చెన్నైలో జనం ఇళ్లలోంచి బయటికొచ్చారు. ఇన్‌కాయిస్ అత్యున్నత హెచ్చరికను నికోబార్ వైపు కొన్ని భాగాలకే పరిమితం చేసింది. భూమి పలకలు పక్కకు జరిగాయే తప్ప పైకి లేవలేదు, పెద్ద సునామీ రాలేదు.

ప్రజలు ఫ్యాక్టరీ ఆపరేటర్ల కన్నా కొంచెం ఉదారంగా ఉంటారని చెప్పే ఆధారాలున్నాయి. 1996లో రెండు తుఫానులు వరుసగా వచ్చిన అమెరికా కరోలినా తీరంలో, మొదటిసారి ఉత్తినే ఊళ్లు ఖాళీ చేసినవాళ్లు రెండోసారి ఆ కారణంతో మొండికేసింది తక్కువేనని డౌ, కట్టర్ చూపించారు. సుడిగాలుల విషయంలో మాత్రం లెక్క వేరు. తప్పుడు హెచ్చరికలు ఎక్కువున్న ప్రాంతాల్లో మరణాలు ఎక్కువని సిమన్స్, సట్టర్ 2009లో తేల్చారు. 2015లో లెక్లెర్క్, జోస్లిన్ చేసిన ప్రయోగంలో తప్పుడు హెచ్చరికలు తగ్గిస్తే వచ్చిన లాభం కొద్దిగానే ఉంది. ప్రమాదం ఎన్ని పాళ్లు ఉందో అంకెల్లో చెబితే జనం నిర్ణయాలు అంతకన్నా మెరుగుపడ్డాయి.

2023లో దేశంలో చాలా ఫోన్లు హఠాత్తుగా మోగి, ఇది పరీక్ష మాత్రమేనని తెర మీద చూపించాయి. అప్పట్లో కేంద్రం సిద్ధం చేస్తున్న కొత్త హెచ్చరిక వ్యవస్థకు అది రిహార్సల్. ఆంధ్రప్రదేశ్ విపత్తుల నిర్వహణ సంస్థ ఇప్పటికే పిడుగులు పడే అవకాశమున్న మండలాల పేర్లు ముందుగా ప్రకటిస్తోంది. పొలాల్లో, చెట్ల కింద ఉండొద్దని చెబుతుంది. మండలం అంటే పదుల ఊళ్లు. పిడుగు పడేది ఏదో ఒక ఊరి పొలిమేరలో. మండలం లెక్కన ఆ కబురు నిజం, మిగతా ఊళ్లలో నాట్లు ఆపి గట్టు దిగి ఇంటికెళ్లిన కూలీల లెక్కన ఉత్తుత్తిది. పోయిన పూట కూలి వాళ్లదే. ముందస్తు కబురు పంపే సంస్థల చిట్టాలో ఆ కూలి డబ్బుకు వరుస లేదు.